పాతబస్తీకి టవర్ వస్తే

2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో హెచ్ఎండీఏ వేసిన వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. అదే గొప్ప అనుకున్నారు అప్పట్లో. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు పోయింది. మట్టికే అంత పోసినవాడు దాని మీద ఐదంతస్తులు కట్టి ఊరుకోడు. పడమటి హైదరాబాద్ అందుకే పైపైకి పోతోంది. కోకాపేటలోని ఎస్ఏఎస్ క్రౌన్ 57 అంతస్తుల భవనం. ఎత్తు 230 మీటర్ల పైమాటే. చార్మినార్ ఎత్తు దాదాపు 50 మీటర్లు. నాలుగు చార్మినార్లను ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టినా ఆ భవనంలో పై అంతస్తు వాళ్లు కిందికే చూడాలి.

రెండింటి మధ్యా పాతిక కిలోమీటర్లు కూడా లేవు. అయినా నయాపూల్ దాటి ఇవతలికి వస్తే అలాంటి టవర్ ఒక్కటీ కనిపించదు. ఎందుకు లేదని ఇన్నాళ్లూ ఎవరూ పెద్దగా అడగలేదు. ఇక అడగక తప్పదు. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, శాలిబండ, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట స్టేషన్లు. 2025 జనవరిలో కూల్చివేతలు మొదలయ్యాయి. పరిహారం చదరపు గజానికి 81 వేల రూపాయలుగా నిర్ణయించారు. దారి పొడవునా రోడ్డు 100 అడుగులవుతుంది. రైలు వచ్చిన చోట ధర పెరుగుతుంది, ధర పెరిగిన చోట అంతస్తులు పెరుగుతాయి. మియాపూర్‌లో, ఉప్పల్‌లో నగరం చూసిందే ఇది. 'ఫలక్‌నుమా వ్యూ' అంటూ బ్రోచర్లు అచ్చయ్యే రోజు ఎంతో దూరంలో లేదు.

ఆ రోజు రాకుండా ఆపడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. కానీ టవర్ ఎక్కడ లేస్తుంది, దాని పట్టాలో ఎవరి పేరుంటుంది అనేది బిల్డర్ రాకముందే తేలాలి. వచ్చాక తేల్చేది అతనే.

హైదరాబాద్‌కు దేశంలోని పెద్ద నగరాల మధ్య ఒక ప్రత్యేకత ఉంది. ముంబయిలో ఇంత స్థలంలో ఇంత నిర్మాణమే చేయాలన్న ఎఫ్ఎస్ఐ లెక్క ఉంటుంది. ఇక్కడ 2006 మార్చిలో ఇచ్చిన జీవో 86 ఆ పరిమితిని ఎత్తేసింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, భవనం చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అనే రెండు కొలతలే ఇక్కడ ఎత్తును నిర్ణయిస్తాయి. పడమటి బిల్డర్‌కు ఇది పండగ. నూరడుగుల రోడ్డు పక్కన ఐదారెకరాలున్నవాడికి ఆకాశమే హద్దు.

పాతబస్తీలో ఎవరూ ఎకరాల్లో మాట్లాడరు. అరవై గజాలు, నూట పది గజాలు, మహా అయితే మూడు వందల గజాలు. హైరైజ్‌కు కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం ఉండాలన్నది నిబంధన. అంటే దాదాపు 2,400 గజాలు. ఎవరో కష్టపడి ఆ మేరకు ఒక చదరం కూడగట్టారనుకుందాం. ఒక్కో వైపు 45 మీటర్లు. చార్మినార్‌తో సమానంగా 50 మీటర్లు లేపాలంటే నిబంధనల్లోని పట్టిక ప్రకారం నాలుగు వైపులా 14 మీటర్లు వదలాలి. మిగిలేది పదిహేడు మీటర్ల చదరం. అందులో రెండు మెట్ల దారులు, మూడు లిఫ్టులు, పైపుల గొట్టాలు పోను అంతస్తుకు ఒక్క ఫ్లాటు దక్కితే గొప్ప. ఇవన్నీ కుదిరినా, హైరైజ్‌లు కిక్కిరిసిన పాత నివాస ప్రాంతాలకు ఆవలే ఉండాలని నిబంధనల్లో మరో మాట ఉంది. దాని మీద కేంద్ర పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణ. రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తర్వాత మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి.

ఈ అడ్డంకుల్లో ఒకటి ఇప్పుడు ప్రభుత్వ ఖర్చుతోనే తొలగుతోంది. రోడ్డు నూరడుగులైతే ఇక ఎత్తుకు రోడ్డు అడ్డు కాదు. మిగిలినవి కాగితం మీది అడ్డంకులు. కాగితం ఈ నగరంలో ఎంత గట్టిదో జనానికి తెలుసు. వారసత్వ కట్టడాలను కాపాడటానికి 1981 నాటి హుడా (నేటి హెచ్ఎండీఏ) నిబంధనల్లో 13వ నంబరు ఒకటి ఉండేది. జాబితాలో ఉన్న భవనం మీద చెయ్యి వేయాలంటే దాని కింద అనుమతి కావాలి. 2015 డిసెంబరులో ఒక్క జీవోతో దాన్ని తీసేశారు. తెలంగాణ వారసత్వ చట్టం 2017లో వచ్చింది. రెండేళ్లకు ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి అక్కడ అసెంబ్లీ కట్టాలని ప్రభుత్వమే అనుకుంటే, 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆపింది. ప్రతిసారీ కోర్టు ఆపుతుందన్న ధీమా మీద ఊరు నడవదు.

పాతబస్తీకి వైభవం కొత్త కాదు. అయితే అది అడ్డంగా పరుచుకున్న వైభవం. దివాన్ దేవిడీలో సాలార్‌జంగ్‌ల కుటుంబం ఉండేది. లోపల వాకిలి తర్వాత వాకిలి, అందరికీ కలిపి ఒకటే పెద్ద గేటు. ఇవాళ్టి గేటెడ్ కమ్యూనిటీలో కాపలా, తోట, అతిథి గది, వినోద మందిరం ఉన్నాయని గొప్పగా చెబుతారు గానీ, దేవిడీలో అవన్నీ ఉండేవి. సాలార్‌జంగ్ మ్యూజియాన్ని 1951 డిసెంబరు 16న నెహ్రూ ప్రారంభించింది కూడా ఆ దేవిడీలోనే. 1968లో మ్యూజియం ఇప్పుడున్న చోటికి మారింది. దేవిడీ గేటు మిగిలింది, లోపల టోకు బట్టల దుకాణాలు వెలిశాయి. ఇక్కడి చాలా దేవిడీలది ఇదే కథ. వారసులు పెరిగారు, వాటాలు చీలాయి, ముక్కముక్కగా అమ్ముడుపోయాయి.

మరో దారీ ఉంది. 1884లో పునాది వేసి వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా ప్యాలెస్ ఆయనకే తలకు మించిన ఖర్చయి, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వచ్చింది. ఏళ్లకేళ్లు తాళం పడి ఉన్న ఆ భవనాన్ని పదేళ్లపాటు బాగు చేసి 2010 నవంబరులో తాజ్ హోటల్‌గా తెరిచారు. నూటొక్క మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల అక్కడి ప్రధాన ఆకర్షణ. చౌమహల్లా ప్యాలెస్ పునరుద్ధరణకు అదే సంవత్సరం యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. రెండు చోట్లా ఒక్క అంతస్తు కూడా పెంచలేదు. డబ్బు మాత్రం వస్తోంది. పాతబస్తీలో విలాసవంతమైన నిర్మాణం అనగానే గాజు గోడలే గుర్తుకొస్తే, కళ్లెదుట ఉన్న రెండు ఉదాహరణలను దాటేసినట్టే.

అయితే రాజభవనాలు బాగుపడినంత మాత్రాన గల్లీలో ఉన్నవాళ్ల బతుకు బాగుపడదు. పాతబస్తీ పాత భవనాలతో ఎంత అందంగా ఉందో అని మురిసేవాళ్లు 2025 మే 18ని గుర్తు చేసుకోవాలి. ఆ ఆదివారం ఉదయం గుల్జార్‌హౌజ్ దగ్గర ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వాళ్లలో ఎనిమిది మంది పిల్లలు. కింద నగల దుకాణాలు, పైన కాపురం, లోపలికీ బయటికీ ఒకటే సన్నటి దారి. చార్మినార్ నీడలో ఇలాంటి ఇళ్లు వందల్లో ఉన్నాయి. కింద కొట్టు, మధ్యలో గోదాం, పైన ఇల్లు. తాత కట్టిన గోడ మీద తండ్రి ఒక అంతస్తు, దాని మీద కొడుకు ఇంకొకటి. హైరైజ్ కాదు గానీ, ప్రమాదంలో హైరైజ్‌కు ఏమీ తీసిపోదు.

నిజానికి సరిగ్గా కట్టిన టవరే ఇంతకన్నా భద్రం. అగ్నిమాపక నిచ్చెన నలభయ్యో అంతస్తుకు చేరదు కాబట్టి, అంత ఎత్తు భవనం తన్ను తానే కాపాడుకునేలా కట్టాల్సి ఉంటుంది. రెండు వేర్వేరు మెట్ల దారులు, పొగ చొరబడకుండా గాలి ఒత్తిడితో నింపిన మెట్ల గదులు, మధ్యమధ్య జనం ఆగి ఊపిరి తీసుకునే ఆశ్రయ అంతస్తులు, ప్రతి గదిలో నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు, సిబ్బంది కోసం ప్రత్యేక లిఫ్టు. హైదరాబాద్ కింద ఉన్న గ్రానైటు పునాదికి వరం. ఎత్తు పెరిగేకొద్దీ గాలి తోపు పెద్ద సమస్య అవుతుంది. అందుకే డిజైన్ నమూనాను విండ్ టన్నెల్‌లో పెట్టి పరీక్షిస్తారు. అల్యూమినియం అచ్చులతో గోడలూ స్లాబూ ఒకేసారి పోసే పద్ధతిలో వారం, పది రోజులకో అంతస్తు లేస్తుంది. ఇదంతా ఇక్కడి ఇంజనీర్లకు, మేస్త్రీలకు కోకాపేటలో చేయి తిరిగిన పనే. సాంకేతికత కొరవడిందని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు.

కొనేవాళ్లూ కొరవడరు. కాస్త కలిగిన కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా టోలీచౌకీకి, మెహిదీపట్నానికి, అత్తాపూర్‌కు, బంజారాహిల్స్‌కు తరలిపోయాయి. గల్ఫ్ సంపాదనతో వచ్చినవాళ్లూ అటే చూస్తున్నారు. పెద్దలు ఇక్కడ, పిల్లలు అక్కడ. పండగకు, పెళ్లికి, మయ్యత్‌కు తిరిగి రావడం. పార్కింగ్, లిఫ్టు, ఇరవై నాలుగు గంటల నీళ్లతో ఒక మంచి ఇల్లు ఈ పక్కనే దొరికితే ఉండిపోయేవాళ్లు తక్కువేమీ కారు. వాళ్ల కోరికను తప్పుపట్టాల్సిన పని లేదు.

తప్పు పట్టాల్సింది ఎవరిని ఖాళీ చేయించి కడతారన్నది. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజు తయారయ్యేది షోరూములో కాదు. గల్లీలో, ఇంటి ముందు గదిలో, బొగ్గు కుంపటి మీద లక్కను కరిగించి, అద్దాలు ఒక్కొక్కటే అతుకుతారు. తల్లీ పిల్లలూ చేయి వేస్తేనే ఆ రోజు కూలి గిడుతుంది. ఈ కుటుంబాన్ని పద్నాలుగో అంతస్తులో రెండు పడక గదుల ఫ్లాటులోకి ఎక్కిస్తే కుంపటి ఎక్కడ పెట్టుకుంటారు? మెయింటెనెన్స్ పేరుతో నెలనెలా చదరపు అడుగుకు ఇంతని బిల్లు వస్తే ఎక్కడి నుంచి కడతారు? మూసీ ఒడ్డు నుంచి 2024లో తరలించిన కుటుంబాలకు డబుల్ బెడ్‌రూం ఫ్లాట్లు ఇచ్చారు. లిఫ్టు ఆగితే బాగు చేయించే డబ్బు ఎవరిదన్నది అలాంటి ప్రతి కట్టడంలోనూ మొదటి ఏడాదిలోనే తలెత్తే తగాదా. కోకాపేటలో దానికి ముందే కార్పస్ ఫండ్ వసూలు చేస్తారు. పేదవాడి టవర్‌కు ఆ ఫండ్ ఎవరు పోస్తారో జీవోల్లో వెతికితే దొరకదు.

ముంబయిలో భేండీ బజార్ ఈ ముడిని విప్పడానికి ఒక ప్రయత్నం చేసింది. పాతబస్తీలాగే అది కూడా పగిడీ (ముందు పెద్ద మొత్తం ఇచ్చి, తర్వాత నామమాత్రపు కిరాయి కట్టే) అద్దెలతో, కింద కొట్టు పైన కాపురంతో, కూలడానికి సిద్ధంగా ఉన్న భవనాలతో నిండిన పేట. బోహ్రా మతగురువు సయ్యద్‌నా మొహమ్మద్ బుర్హానుద్దీన్ పూనికతో ఏర్పడిన సైఫీ బుర్హానీ అప్‌లిఫ్ట్‌మెంట్ ట్రస్ట్ 2009లో పని మొదలుపెట్టింది. పదహారున్నర ఎకరాలు, సుమారు 250 పాత భవనాలు, 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు. అద్దెకున్నవాళ్లకు కనీసం 350 చదరపు అడుగుల సొంత ఫ్లాటు, అదీ ఉచితంగా. దుకాణానికి దుకాణం. ఖర్చును రాబట్టుకోవడానికి కొన్ని టవర్లు మార్కెట్లో అమ్ముతారు. అంటే పై వర్గాల వాళ్లు కొనే విలాసపు ఫ్లాటు సొమ్ముతోనే పక్క టవర్‌లో పాత కిరాయిదారు యజమాని అవుతాడు. విలాసపు టవర్‌కు ఇంతకన్నా మంచి ఉపయోగం చూపించడం కష్టం.

ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. మొదటి రెండు టవర్లు పూర్తయి జనం చేరడానికి 2020 దాకా పట్టింది. ఒకే సమాజం, ఒకే గురువు మాట, ఒకే ట్రస్టు, అయినా పదకొండేళ్లు. పాతబస్తీలో ఒక్క ఇంటి పట్టా తెరిస్తే నలుగురు అన్నదమ్ముల వాటా, దుబాయ్‌లో ఉన్న చెల్లెలి వాటా, నోటి మాటతో జరిగిన హిబా (దానం), పక్క గోడకు ఆనుకుని వక్ఫ్ భూమి, కింద పగిడీ ఇచ్చి యాభై ఏళ్లుగా ఉన్న కొట్టువాడు. కాండోమినియం అనేదానికి ఆయువుపట్టు అవిభాజ్య వాటా. అంటే కింద ఉన్న భూమిలో ప్రతి ఫ్లాటుకూ ఇంత అని. ఆ వాటా మొదట తేలకుండా ఏ ఇల్లూ నిలబడదు. బిల్డర్లకు తెలుసది. అందుకే వాళ్లు తేలిన భూమి కోసం పడమటికి పోతారు. తేలనిదాన్ని తేల్చడం ఎవరికీ లాభసాటి కాదు కాబట్టి, ఆ పని ప్రభుత్వానిదే అవుతుంది.

చూపు సంగతీ ఉంది. చార్మినార్, గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. ఇస్తాంబుల్‌లో జెయ్‌తిన్‌బుర్నూ ప్రాంతంలో మూడు విలాస టవర్లు లేచాయి. చారిత్రక ద్వీపకల్పం నుంచి అవి కొన్ని కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. కానీ సముద్రం వైపు నుంచి చూస్తే సుల్తాన్ అహ్మద్ మసీదు మినార్ల వెనకే మొలిచాయి. పై అంతస్తులు కోసేయాలని 2014లో అక్కడి కోర్టు తీర్పిచ్చింది. అంటే నూరు మీటర్లు, రెండు వందల మీటర్లు అని గీసిన గీత నేల మీద భద్రత ఇస్తుందేమో గానీ, కంటికి ఇవ్వదు. లండన్‌లో సెయింట్ పాల్స్ గుమ్మటం కనబడే దారులకు అడ్డు రాకూడదన్న కట్టుబాటు 1930ల నుంచీ నడుస్తోంది. శాలిబండ వాలు నుంచి, మదీనా కూడలి నుంచి, నయాపూల్ మీది నుంచి చార్మినార్ ఎలా కనబడాలో రాసి పెట్టిన అలాంటి పటమేదీ హైదరాబాద్ నిర్మాణ నిబంధనల్లో లేదు. అదొక్కటి గీస్తే సగం గొడవ తగ్గుతుంది.

నీటి లెక్క మరీ ముఖ్యం. 1908 సెప్టెంబరు 28న మూసీ ఈ ఊరిని ముంచింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి చూసిన తర్వాతే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. కోకాపేట టవర్లు ఆ ఉస్మాన్‌సాగర్ గాలి పీల్చుకుంటూనే నిలబడ్డాయి. పాతబస్తీ మునగకూడదని కట్టిన చెరువు పడమటివాళ్లకు బాల్కనీ దృశ్యం అయింది. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లెత్తితే ఎంజీబీఎస్‌లోకి నీళ్లొచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు. పాతబస్తీ మెట్రో బయలుదేరేది ఆ ఎంజీబీఎస్ నుంచే. నది పక్కన మూడు సెల్లార్లు తవ్వి టవర్ కడతామంటే, మొదట ఆ రాత్రి ఫొటోలు ముందు పెట్టి మాట్లాడాలి. సెల్లార్ కోసం గ్రానైటు పేల్చే అదురును సున్నపు కట్టడాలు ఎంత తట్టుకుంటాయో కూడా చూడాలి. ఏ పేలుడూ లేకుండానే 2019 మేలో చార్మినార్ మినారు నుంచి సున్నం పెచ్చు ఊడి కింద పడింది.

ఇవన్నీ కలిపి చూస్తే చోటు తనంతట తానే తేలుతుంది. పత్తర్‌గట్టీ నుంచి శాలిబండ దాకా టవర్ మాట ఎత్తకూడదు. అక్కడ కావాల్సింది ఉన్న ఇళ్లకు రెండో మెట్ల దారి, కొత్త వైరింగు, మరమ్మతుకు తేలికైన రుణం. ఎత్తు కావాలనుకుంటే ఫలక్‌నుమా గుట్ట దాటి, చాంద్రాయణగుట్ట దగ్గర వెతకాలి. రెండో దశ ప్రణాళికలో నాగోలు నుంచి ఎయిర్‌పోర్టుకు పోయే లైను కూడా అక్కడే కలుస్తుంది. విమానాల ఎత్తు నిబంధనలు చూసుకోవాలి, అంతే. అక్కడ లేచే మొదటి టవర్‌లో మెట్రో కోసం ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకు అవిభాజ్య వాటా ఉండాలి. కింది రెండు అంతస్తులు పనిచేసుకునే గదులుగా, పొగ పోయే చిమ్నీలతో, కుంపటికి అనుమతితో కట్టాలి. దేశంలో ఎక్కడా లేనిది, కొత్తదనం అని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అదే. ఈతకొలను ఎన్నో అంతస్తులో పెట్టారన్నది కాదు.

ప్రభుత్వం చేతిలో ఇందుకొక పనిముట్టు ఉంది. రోడ్డు వెడల్పుకు భూమి ఇచ్చినవాళ్లకు 400 శాతం టీడీఆర్ ఇవ్వాలని 2017లోనే నిర్ణయించారు. నగదు బదులు నిర్మాణ హక్కు పత్రం అది. ఇవాళ ఆ పత్రాన్ని కొని వాడుకునేది ఎక్కువగా పడమటి బిల్డరే. పాతబస్తీలో పోయిన గోడ అక్కడ అదనపు అంతస్తుగా లేస్తుంది. ఆ హక్కును చాంద్రాయణగుట్టలో వాటాగా మార్చుకునే వీలు ఇస్తే, దారుల్‌షిఫాలో కొట్టు పోగొట్టుకున్న కుటుంబం అక్కడ యజమాని అవుతుంది.

మెట్రో కోసం ముందు భాగం కొట్టేయగా చాలా చోట్ల వెనక మిగిలేది ఇరవై గజాలో ముప్పై గజాలో. ఇల్లు కట్టడానికి చాలదు, అమ్మడానికి ధర రాదు. అలాంటి తునకల కోసం ఇల్లిల్లూ తిరిగే దళారులు ఏ రోడ్డు వెడల్పుకైనా ముందే వస్తారు. జీహెచ్ఎంసీ గానీ మెట్రో సంస్థ గానీ ఆ తునకలన్నిటికీ ఒకే ధర కట్టి, వాటా పత్రంతో కలిపి తామే తీసుకుంటామని ప్రకటించాలి. ఆ ప్రకటన తొలి స్టేషన్ స్తంభం లేవకముందే రావాలి. స్తంభం లేచాక ఆ ముప్పై గజాల ధర చెప్పేది వేరేవాళ్లు.